పాపికొండల అడవికి బయల్దేరే ముందు



కార్తీకం దగ్గర పడుతోందంటే చాలు, విశాఖపట్నంలో షిఫ్టు డ్యూటీల ఇళ్ళల్లో ఒక లెక్క మొదలవుతుంది. స్టీల్ ప్లాంటులో ఎవరికి ఏ వారం సి-షిఫ్టు పడుతుంది, పోర్టులో ఎవరికి ఆఫ్ ఎప్పుడు, పిల్లలకు పరీక్షలు ఏ తారీకున అయిపోతాయి, ఇవన్నీ కలిసొచ్చే ఒకే ఒక్క ఆదివారం కోసం వెతుకులాట. అది దొరికిందంటే తెల్లవారుజామున నాలుగింటికి బండి ఇంటి ముందుంటుంది. అరకో, లంబసింగో, వంజంగో చూసేసి రాత్రి పదకొండుకు ఇల్లు చేరతాం. ఒక్క రోజులో కొండెక్కి దిగిరావడం మనకు అలవాటైపోయింది. సెలవు కష్టంగా దొరికే ఊరు కాబట్టి ఆ తొందరను నేను తప్పుపట్టను. కాని ఆ తొందరతో వెళ్ళకూడని చోటు ఒకటుంది. ఈ పూట దాని గురించే మాట్లాడతాను. అది పాపికొండల జాతీయ ఉద్యానవనం. అందరూ నేషనల్ పార్కు అంటున్నారు కాబట్టి నేనూ అలాగే అంటాను.

మన రాష్ట్రంలో నేషనల్ పార్కులు మూడే. తిరుమల వైపు శేషాచలం కొండల్లో శ్రీవెంకటేశ్వర నేషనల్ పార్కు, కడప దిక్కున రాజీవ్ గాంధీ పేరున ఉన్నది, మూడోది పాపికొండలు. మనకు అందే దూరంలో ఉన్నది ఈ మూడోదే. గోదావరికి రెండు ఒడ్డులా, వెయ్యిన్ని పన్నెండు చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న కొండల అడవి ఇది. 1978లో దీన్ని అభయారణ్యం చేశారు, 2008లో నేషనల్ పార్కు చేశారు. ఎంత పెద్దదో మనసుకు అందాలంటే మన కంబాలకొండను తలుచుకోండి. జూ పార్కు పక్కన, హైవేకి ఆనుకుని కనిపించే ఆ అడవి దాదాపు 71 చదరపు కిలోమీటర్లు. అలాంటివి పద్నాలుగు కలిపితే పాపికొండల పార్కు అవుతుంది. ఇంత అడవిని ఒక్క ఆదివారంలో చూసేద్దామని బయల్దేరితే, చూసేది అడవిని కాదు, కారు అద్దాన్ని.

నేషనల్ పార్కు అన్న హోదా వస్తే ఏం మారుతుంది? ఇది తెలియకపోతే ప్రయాణం ప్లాను మొదట్లోనే తప్పుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో కొన్ని షరతుల మీద పశువులను మేపుకోనివ్వొచ్చు. నేషనల్ పార్కులో అదీ కుదరదు. అక్కడి నుంచి ఏదీ తీసుకురాకూడదు. పువ్వూ కాయా మాత్రమే కాదు, చెట్టు కొమ్మ మీద పూసిన ఆర్కిడ్ మొక్కను వేళ్ళతో పీకి ఇంటి బాల్కనీలో పెట్టుకుందామనుకోవడం కూడా నేరమే. నిప్పు పెట్టడం నేరం. లోపలికి వెళ్ళాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. వెళ్ళదగిన దారులు ఇవీ అని వాళ్ళు చెబుతారు, ఆ దారుల్లోనే వెళ్ళాలి. అంటే అరకులో రోడ్డు పక్కన బండి ఆపి నచ్చిన వాగులోకి దిగిపోయినట్టు ఇక్కడ దిగడానికి వీల్లేదు. కాబట్టి మొదట తేల్చుకోవలసింది ఏ చోటు చూడాలన్నది కాదు. ఏ దారి తెరిచి ఉంది, ఎవరిని అడగాలి అన్నది.

ఈ అనుమతుల మాట చెప్పేటప్పుడు ఒక చరిత్ర కూడా చెప్పాలి. అది తెలిసి వెళ్ళినవాళ్ళు అటవీ చెక్‌పోస్టును మరోలా చూస్తారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తరతరాలుగా పోడు చేసుకుని, చింతపండూ తేనే ఏరుకుని బతికిన మన్యం మనుషులకు వాళ్ళ అడవే నిషేధమైపోయింది. ఆ ఆకలీ, దాని మీద కొండ ఊళ్ళపై పెత్తనం చేసే ముఠాదారుల తగవులూ, రోడ్ల పనుల్లో చేయించిన వెట్టీ, అన్నీ పేరుకుపోయి 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెనక నడిచాయి. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజుల్లో దాడి జరిగింది. మీరు పాపికొండలకు వెళ్ళే దారిలోని అడ్డతీగల, రంపచోడవరం కూడా ఆ పోరాటపు ఊళ్ళే. ఈనాడు 2006 నాటి అటవీ హక్కుల చట్టం, అడవిలో తరాలుగా బతుకుతున్నవాళ్ళకు నేషనల్ పార్కుల్లో కూడా హక్కులున్నాయని ఒప్పుకుంది. అంటే ఆ అడవిలో కొందరు ఇంటివాళ్ళు, మనం చుట్టాలం. లోపల కొండరెడ్ల ఊళ్ళున్నాయి, కోయల ఊళ్ళున్నాయి. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940ల మొదట్లో ఈ కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో వాళ్ళ మీద పెద్ద పుస్తకమే వేశాడు. వెదురు, కలప వర్తకుల అప్పుల్లో ఈ మనుషులు ఎలా కూరుకుపోయారో అందులో రాశాడు. ఈ కొండలను ఇంగ్లీషువాళ్ళు బైసన్ హిల్స్ అని పిలిచేవారు. అడవిదున్నలు అంతగా తిరిగేవన్నమాట. అవి ఇప్పటికీ ఉన్నాయి.

సరే, ఇక ప్రయాణం. ఎప్పుడు వెళ్ళాలన్నది ముందు చూద్దాం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, గోదావరి వరద. అక్టోబరులో మన తీరానికి తుపానుల భయం. మార్చి దాటితే ఆకు రాలి, నేలంతా ఎండుటాకు పరుచుకుని, నిప్పురవ్వ తగిలితే కొండకు కొండే అంటుకునే కాలం. వాగులు సన్నబడతాయి, జంతువులు మిగిలిన నీటి చెలమల దగ్గరికి చేరతాయి. అప్పుడు మనం వెళ్ళి ఆ చెలమల చుట్టూ తిరగడం వాటికి నరకం. మిగిలింది నవంబరు నుంచి ఫిబ్రవరి. మనకు వీలున్న కాలం అదే. కాని ఆ నాలుగు నెలల్లోనూ కార్తీక మాసం ఆదివారాలు, క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా వచ్చే రోజులు వదిలెయ్యమని గట్టిగా చెబుతాను. ఆ రోజుల్లో ఘాట్ రోడ్డు మీద బండ్ల వరస తప్ప మరేదీ కనబడదు.

ఇక్కడ షిఫ్టు డ్యూటీలవాళ్ళకు ఒక మేలుంది. మీ వీక్లీ ఆఫ్ ఎప్పుడూ ఆదివారం రాదని బాధపడతారు కదా. మంగళవారమో బుధవారమో వచ్చిన ఆఫ్‌కు ముందూ వెనకా ఒక్కొక్క రోజు సెలవు కలుపుకోండి. పార్కు అంచున ఉన్న మారేడుమిల్లికి వెళ్ళే రోడ్డు మంగళవారం పొద్దున ఖాళీగా ఉంటుంది. బండి ఆపి ఇంజిను కట్టేస్తే పిట్టల అరుపులు వినబడతాయి. ఊరందరికీ దొరకని అడవి మీకు దొరుకుతుంది. పిల్లల బడి ఒక రోజు పోతే పోనివ్వండి. ఈ చదువు వాళ్ళకు బళ్ళో దొరకదు.

తరవాత తేల్చుకోవలసింది, నది వైపా, కొండ వైపా అన్నది. పాపికొండలకు రెండు ముఖాలున్నాయి. ఒకటి బోటులో గోదావరి మీద వెళ్ళి చూసేది, రెండోది మారేడుమిల్లి వైపు నుంచి అడవిలో నడిచి చూసేది. రెండూ ఒకే ప్రయాణంలో కుదురుస్తామని ప్యాకేజీలవాళ్ళు చెబుతారు. కుదరదని కాదు. రెండిటికీ అన్యాయం జరుగుతుంది. ఒక ఏడాది నది, మరో ఏడాది కొండ పెట్టుకోండి. కాలిఫోర్నియాలో ఉండే మన తెలుగు పిల్లలను చూడండి. యోసెమిటీ పార్కులో హాఫ్ డోమ్ అనే బండరాతి కొండ ఎక్కాలంటే ముందు అనుమతి కోసం లాటరీలో పేరు ఇవ్వాలి. పేరు రాకపోతే ఎక్కనివ్వరు. ఓపిగ్గా మళ్ళీ ఇస్తారు. ఆ ఓపిక మన కొండల దగ్గర కూడా పెట్టవచ్చు.

ముందు నది సంగతి. 1973లో బాపు తీసిన అందాల రాముడు దగ్గర్నించి 2006లో వచ్చిన గోదావరి సినిమా దాకా, తెలుగువాళ్ళ కళ్ళల్లో ఈ నది ప్రయాణం ఒక కలలా నిలిచిపోయింది. నిజంగానే అంత అందం. రెండు వైపులా కొండలు దగ్గరికి జరిగి, అంత వెడల్పాటి గోదావరి సన్నబడి, మలుపు తిరిగిన ప్రతిసారీ ముందు దారి మూసుకుపోయినట్టే ఉంటుంది. దగ్గరికి వెళ్తే తెరుచుకుంటుంది. దారిలో పేరంటాలపల్లి ఉంది. ఎత్తు మీద శివాలయం, బాలానంద స్వామి స్థాపించిన ఆశ్రమం, వెదురుతో బొమ్మలు చేసి అమ్మే కొండరెడ్లు. అక్కడ ఆగినప్పుడు బేరాలాడకండి. ఆ వెదురును నరికి, చీల్చి, నునుపు చేసి బొమ్మగా మలచడానికి పట్టిన పొద్దును తలుచుకుని అడిగినంత ఇవ్వండి.

కాని ఈ నది గురించి మాట్లాడుతూ 2019 సెప్టెంబరు 15ను దాటేసి వెళ్ళలేను. ఆ రోజు ఆదివారం. గోదావరి వరద మీద ఉంది. దేవీపట్నం దాటాక కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిపోయింది. నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో మన విశాఖ కుటుంబాలు కూడా ఉన్నాయి. ఒడ్డున ఉన్న గిరిజనులు తమ చిన్న పడవలు వేసుకుని వచ్చి చాలామందిని కాపాడారు. బోటును పైకి తియ్యడానికి నెల దాటింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం సుడుల మధ్య నుంచి దాన్ని లాగింది. ఆ తరవాతే కంట్రోల్ రూములు పెట్టారు, బోట్ల తనిఖీలు గట్టిపడ్డాయి. అయినా మన జాగ్రత్త మన చేతుల్లో ఉండాలి.

అందుకని రేడియో వినేవాళ్ళకు ఒక పని చెబుతాను. ప్రాంతీయ వార్తల్లో ధవళేశ్వరం నీటిమట్టం చెబుతారు. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. భద్రాచలం దగ్గర ఆ లెక్క 43, 48, 53 అడుగులు. భద్రాచలం పైన ఉంది, ధవళేశ్వరం కింద ఉంది, పాపికొండలు ఈ రెండిటికీ మధ్యలో ఉన్నాయి. కాబట్టి మీరు బయల్దేరే వారమంతా భద్రాచలం నీటిమట్టాన్ని వింటూ ఉండండి. అది పెరుగుతోందంటే, హెచ్చరిక దాకా రాకపోయినా సరే, నది ప్రయాణం మానుకోండి. కట్టిన డబ్బు పోయినా ఫరవాలేదు. బోటు ఎక్కే చోటు కూడా పోలవరం ప్రాజెక్టు పనుల వల్ల మారుతూ వచ్చింది. ఇప్పుడు ఏ రేవు నుంచి వదులుతున్నారో పర్యాటక శాఖవాళ్ళను ముందురోజు ఫోను చేసి కనుక్కోండి. లైఫ్ జాకెట్ రేవు గట్టు మీదే కట్టుకోవాలి, బోటెక్కాక కాదు. భోజనాల వేళ ఉక్కగా ఉందని విప్పేస్తారు. విప్పకండి. పిల్లలకు సరిపడే చిన్న జాకెట్లు ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే ఆ బోటు వద్దు.

నది ఒడ్డున మరొకటి కూడా కనిపిస్తుంది. దేవీపట్నం వైపు మనుషులు లేని ఊళ్ళు. పోలవరం ప్రాజెక్టు 45.72 మీటర్ల మట్టానికి నిండితే నదికి ఇరుపక్కలా ఎన్నో ఊళ్ళూ, పార్కు అడవిలో కొంత భాగమూ నీటి కిందికి వెళ్తాయి. కాఫర్‌డ్యామ్ అనే తాత్కాలిక అడ్డుకట్ట కట్టాక వరద నిలిచి చాలా ఊళ్ళు ఇప్పటికే ఖాళీ అయ్యాయి. బోటు మీద పాటలు మోగుతుంటే పక్కనే పైకప్పు లేని గోడలు దాటిపోతాయి. మీ పిల్లలు అడుగుతారు, ఇవేమిటని. సమాధానం చెప్పండి. ఎవరి ఊళ్ళో, ఎందుకు ఖాళీ అయ్యాయో చెప్పండి. అక్కడ కాసేపు పాట ఆపించగలిగితే ఇంకా మంచిది.

ఇక కొండ వైపు. నా మనసు నిజానికి ఇటే మొగ్గుతుంది. విశాఖ నుంచి మారేడుమిల్లికి రెండు దారులు అనుకోవచ్చు. రైల్లో రాజమండ్రి దాకా వెళ్ళి, అక్కడి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా బస్సులో వెళ్ళడం ఒకటి. సొంత బండి ఉన్నవాళ్ళు హైవే మీద అన్నవరం, కత్తిపూడి దాటాక, యర్రవరం దగ్గర దిగి ఏలేశ్వరం, అడ్డతీగల మీదుగా రంపచోడవరం చేరవచ్చు. ఈ రెండో దారిలో వెళ్ళమని అడుగుతాను. ఏలేశ్వరం దగ్గర ఏలేరు రిజర్వాయరు ఉంది. దాన్ని ఆగి చూడండి. అక్కడ బయల్దేరిన కాలువ నూట యాభై కిలోమీటర్ల పైచిలుకు నడిచి మన విశాఖకు వస్తుంది. స్టీల్ ప్లాంటు నడిచేది ఆ నీళ్ళతో. మన కుళాయిల్లో కూడా ఆ నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు పుట్టేది మీరు ఎక్కబోయే ఏజెన్సీ కొండల్లోనే. అలాగే మారేడుమిల్లి దాటి చింతూరు వైపు దిగితే సీలేరు నది ప్రాంతం వస్తుంది. పైన మాచ్‌ఖండ్, ఎగువ సీలేరు, డొంకరాయి, కింద మోతుగూడెం దగ్గర 460 మెగావాట్ల దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం. ఆ కరెంటుకు నీళ్ళిచ్చేది ఈ తూర్పు కనుమల అడవే. మన ఊరి పోర్టు కోసం బైలదిల్లా ఇనుప రాయి దించుకోవడానికి 1960ల్లో అనంతగిరి కొండలను తొలిచి రైలు దారి వేశారు కదా, అరకు వెళ్ళేటప్పుడు సొరంగాలు లెక్కపెట్టే ఆ లైను. కొండ నుంచి మన ఊరు రాయి తీసుకుంది, నీళ్ళు తీసుకుంది, కరెంటు తీసుకుంది. ఇంత తీసుకున్నవాళ్ళం ఒకసారి వెళ్ళి ఆ అడవిని నిదానంగా చూసి రావడం మన బాధ్యత అని నేను నమ్ముతాను.

రంపచోడవరంలో పెట్రోలు నింపుకోండి, డబ్బు చేతిలో ఉంచుకోండి, ఇంట్లోవాళ్ళతో ఫోను మాట్లాడెయ్యండి. అక్కడి నుంచి ముందుకు సిగ్నలు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆసుపత్రి కూడా చెప్పుకోదగ్గది అక్కడే. బీపీ, షుగరు మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళుంటే రెండు రోజులకు సరిపడా ఎక్కువ పెట్టుకోండి. ఘాట్ మలుపుల్లో వాంతులయ్యే పిల్లలకు ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు. చీకటి పడ్డాక ఘాట్ ఎక్కకండి. శీతాకాలం మంచు అడ్డం పడితే ముందు పది అడుగులు కూడా కనబడవు, పైగా ఆ వేళ రోడ్డు దాటే జంతువులది కూడా ఆ దారే.

మారేడుమిల్లి ఊరు పార్కు అంచున ఉంది. అక్కడ వనవిహారి అని అటవీశాఖ బస ఉంది. దాన్ని నడిపేది చుట్టుపక్కల ఊళ్ళ వన సంరక్షణ సమితి మనుషులు. గది ఇచ్చేవాళ్ళూ, వండి పెట్టేవాళ్ళూ, అడవిలో దారి చూపేవాళ్ళూ వాళ్ళే. హోటలు గదికి ఇచ్చే డబ్బు ఎక్కడికో పోతుంది, ఇక్కడ ఇచ్చేది ఆ ఊళ్ళలోనే ఉంటుంది. అందుకని ముందు అక్కడే అడగండి, దొరక్కపోతేనే వేరే చోటు చూడండి. కనీసం రెండు రాత్రులు ఉండండి. మొదటి రోజు ఎక్కడికీ పరుగెత్తొద్దు. జలతరంగిణి, అమృతధార జలపాతాలు ఎలాగూ ఉన్నాయి, ఎటూ పోవు. మరుసటి రోజు తెల్లవారకముందే లేచి, సమితి మనిషిని ఒకరిని తోడు పెట్టుకుని నడవండి.

ఏం కనిపిస్తాయని అడుగుతారు. పెద్దపులి ఈ అడవిలో ఉంది. కాని కనిపిస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. జీపు సఫారీల అడవి కాదిది, వెదురు దట్టంగా అల్లుకున్న కొండ అడవి. పది గజాల అవతల అడవిదున్న నిలబడినా మనకు తెలియదు. కనిపించేవి వేరే ఉన్నాయి. తల ఎత్తి నడిస్తే కొమ్మ నుంచి కొమ్మకు దూకే బెట్టుడత కనిపిస్తుంది. మామూలు ఉడుత చూసిన పిల్లలు దాని పరిమాణం చూసి కేక వెయ్యబోతారు, నోరు మూయించండి. పెద్ద ముక్కు హార్న్‌బిల్ పక్షులు ఎగిరితే రెక్కల చప్పుడు ముందు వినబడుతుంది, పక్షి తరవాత కనబడుతుంది. 2016లో ఈ అడవిని పక్షులకు ముఖ్యమైన చోటుగా అంతర్జాతీయంగా గుర్తించారు. ఉదయం తడి మట్టి మీద అడుగుల జాడలు చూపించమని తోడు వచ్చిన మనిషిని అడగండి. ఏది కణితిదో, ఏది అడవి పందిదో, ఎలుగు ఎక్కడ చెదపుట్ట తవ్విందో వాళ్ళు ఆగి చూపిస్తారు. జంతువు కనబడని ఉదయం కూడా అలా నిండిపోతుంది. ఎలుగు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఈ కొండల్లో మనిషికి నిజంగా ప్రమాదం పులి కన్నా ఎలుగుతోనే. మలుపు దగ్గర హఠాత్తుగా ఎదురుపడకుండా తోడు వచ్చినవాళ్ళ వెనకే నడవాలి. గిరినాగు కూడా మన తూర్పు కనుమల పామే. తొమ్మిది, పది అడుగులు పొడవున్నది కనిపిస్తే దూరంగా నిలబడిపోండి. తన దారిన తాను పోతుంది.

కోతులకు తిండి పెట్టకండి. దక్షిణాదిన ఎక్కువగా కనిపించే కోతి ఒక జాతి, ఉత్తరాది నుంచి వచ్చే ఎర్రమూతి కోతి మరో జాతి. ఈ రెండిటి మధ్యా గోదావరే హద్దు అని చాలాకాలం చెప్పుకున్నారు. అంత పాత హద్దు మీద ఉన్న జీవాలను మనం చిప్స్ పొట్లాలతో రోడ్డు మీదికి అలవాటు చేస్తున్నాం. లారీ చక్రాల కింద పడేది అలా అలవాటైనవే.

బొంగు చికెన్ తినకుండా రాలేమంటారు. తినండి. కాని రోడ్డు పక్కన వండే ఆ ఊరివాళ్ళ దగ్గర కొనుక్కుని తినండి. మీరే వెదురు నరికి, మీరే పొయ్యి పెట్టుకోవద్దు. జనవరి వచ్చేసరికే నేల మీద ఆకు ఎండిపోయి ఉంటుంది. జీలుగు కల్లు రుచి చూసేవాళ్ళు డ్రైవరుకు మాత్రం పొయ్యకండి. మారేడుమిల్లి వైపే ఉన్న గుడిస కొండ మీద గడ్డి మైదానాల గురించి ఈ మధ్య అందరూ మాట్లాడుతున్నారు. పొద్దు పొడిచే వేళ అక్కడి నుంచి కనబడే మబ్బులు అంత గొప్పగానూ ఉంటాయి. కాని జీపులు గడ్డి మీదికి ఎక్కించి, స్పీకర్లు పెట్టి, మంటలు వేసి ఆ కొండను చాలా గాయపరిచారు. వెళ్ళేముందు అనుమతి ఉందో లేదో అడగండి. ఉంటే, బండి కింద వదిలి నడిచి ఎక్కండి. పాట కావాలంటే అక్కడి గాలి వినండి, స్పీకరు ఇంట్లో వదిలి వెళ్ళండి.

సంతలోనో ఇళ్ళ ముందో కూర్చున్న ముసలమ్మల ఫొటోలు అడక్కుండా తియ్యకండి. అడగండి, "అమ్మా, తియ్యొచ్చా" అని. వద్దంటే వద్దు. కొండరెడ్లు మాట్లాడేది తెలుగే, వాళ్ళ యాసలో. కాస్త కూర్చుని వింటే అర్థమవుతుంది. పిల్లలకు చాక్లెట్లు పంచే అలవాటు కూడా మానుకుందాం. ఏదైనా ఇవ్వాలనిపిస్తే అక్కడి బడి పంతులుగారిని అడిగి, వాళ్ళకు అవసరమైనవి ఇవ్వండి. తేనె, చింతపండు, కొండచీపుర్లు, కుంకుడుకాయలు అక్కడే కొనండి. మిగతావి మన ఊళ్ళో గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో ఎలాగూ దొరుకుతాయి. ఆ సంస్థ 1956 నుంచి ఉంది, దాని పెద్ద ఆఫీసు మన విశాఖలోనే.

ఇంత దూరం ఒకేసారి వెళ్ళలేమనే ఇళ్ళుంటాయి. వాళ్ళు ముందు కంబాలకొండతో మొదలుపెట్టవచ్చు. ఒకప్పుడు విజయనగరం రాజులది, 1970లో అటవీశాఖ చేతికి వచ్చింది, 2002లో అభయారణ్యం అయింది. పొద్దున ఏడింటికి పిల్లలను తీసుకుని వెళ్ళి ఒక గంట మాట్లాడకుండా నడవండి. ఎన్ని రకాల పిట్టల అరుపులు విన్నారో, వచ్చాక వాళ్ళ చేత రాయించండి. గంటసేపు నోరు కట్టుకుని నడవడం వచ్చిన పిల్లలకు పాపికొండల్లో చూడడానికి చాలా ఉంటుంది. అది రాకుండా తీసుకెళ్తే రెండో గంటకే విసుగొస్తుంది, ఫోను అడుగుతారు. పెద్దవాళ్ళకూ ఇది వర్తిస్తుంది.

చివరిగా, చాలామంది మరిచిపోయేది ఒకటి చెప్పి ముగిస్తాను. ఏజెన్సీ అంటే మలేరియా ఉన్న ప్రాంతం. చీకటి పడేవేళ నిండు చేతుల చొక్కాలు, దోమల మందు, రాత్రి దోమతెర. బసలో తెర ఉందో లేదో ముందే అడగండి, లేకపోతే ఇంటినించే తీసుకెళ్ళండి. దోమ కుట్టాక జ్వరం వెంటనే రాదు. వారం, పది రోజులు దాటాక, మీరు డ్యూటీలో పడిపోయి, ప్రయాణం సంగతే మరిచిపోయాక వస్తుంది. ఒక రకం మలేరియా నెలల తరవాత కూడా తిరగబెడుతుంది. చలితో వణికి జ్వరం వస్తే, మందుల షాపులో మాత్ర కొనుక్కుని ఊరుకోకండి. డాక్టరు దగ్గర కూర్చోగానే మొదట చెప్పవలసిన మాట, "నేను ఫలానా తారీకున ఏజెన్సీకి వెళ్ళొచ్చాను" అని. ఆ ఒక్క మాట చెబితే రక్తపరీక్ష ఆ రోజే చేయిస్తారు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఆ పరీక్ష ఉచితం. ఇంట్లో క్యాలెండరు మీద మీరు వెళ్ళివచ్చిన తారీకుల చుట్టూ సున్నా చుట్టి ఉంచండి. మీతో వచ్చిన డ్రైవరుకు కూడా ఈ సంగతి చెప్పండి.